కొబ్బరిచిప్పల్లో సబ్బుబిళ్ళ

మేం వంటలకి ఊళ్ళు తిరిగే ఆ రోజుల్లో మనుషుల ప్రయాణం తేలిక, సబ్బు ప్రయాణమే బరువు. మనుషులం నలుగురం బస్సులో ఎక్కడో ఒకచోట ఇరుక్కునేవాళ్ళం. గుండిగలు బస్సు నెత్తికెక్కేవి, గరిటెలు గోనెసంచిలోకి పోయేవి. తడిసిన సబ్బుబిళ్ళ ఒక్కదాన్ని ఎక్కడ పెట్టినా పేచీయే. ఇప్పుడు మా కోడలు ఊరెళ్తే చిన్న సీసాలో సబ్బునీళ్ళు పోసుకుని, మూత బిగించి, సంచిలో పడేసుకుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సీసాని ఆ మహానుభావులెవరో అప్పుడే కనిపెట్టి మా ఊరికి పంపి ఉంటే, నా జీవితంలో ఒక పెళ్ళి ఎంత హాయిగా జరిగిపోయేదో!

మా జట్టుకి పెద్ద గరిటె పిన్ని. మా అమ్మకి వరసకి చెల్లెలు. శృంగవరపుకోట చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా పొయ్యి దగ్గర ఆమే. వంటలో నూనెకి, నెయ్యికి వెనకాడేది కాదు కానీ, సబ్బు దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ముడుచుకుపోయేది. నలుగురికీ ఒకటే బిళ్ళ. "నలుగురం ఒక్కపాలే రుద్దుకుంటామేటి? ఒకల తరవాత ఒకలే కదా. ఒకటి సాలదా?" అనేది.

ఆ ఒక్క బిళ్ళనీ ఊరు దాటించడానికి మేం పడని పాట్లు లేవు. పాత పేపర్లో చుడితే కాగితం సబ్బుని వదిలేది కాదు, అక్షరాలన్నీ తిరగబడి బిళ్ళ మీద అచ్చుపడేవి. (నాకు చదువు అబ్బింది తల నెరిశాక. అప్పట్లో ఎవరి వార్తతో వీపు రుద్దుకుంటున్నానో నాకు తెలిసేది కాదు.) అడ్డాకులో చుడితే బస్సు వేడికి పచ్చడైపోయేది. గుడ్డలో కడితే సగం సబ్బు గుడ్డే తాగేసేది. రేకుడబ్బాలో పెడితే విజయనగరం చేరేలోపు జావ. ఒకసారి పొడుగు వదిన (మా నలుగురిలో ఒకతె, తల వంచకుండా ఏ గుమ్మమూ దాటలేని మనిషి) బస్సు కిటికీ చువ్వ మీద సబ్బు ఆరబెట్టింది. గతుకుల్లో అది ఎగిరి, దారిన పోతున్న సైకిలాయన మీద పడింది. ఆయన తిట్టిన తిట్లు పక్క ఊరిదాకా మాకు వినిపించాయి. సబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

చివరికి పిన్నికే ఉపాయం తట్టింది. రెండు సమానమైన కొబ్బరిచిప్పలు తీసుకుని, కంటిదగ్గర కన్నం పెద్దది చేసింది. తడి అందులోంచి కారిపోతుంది, గాలి ఆడుతుంది, బిళ్ళ గట్టిగా ఉంటుంది. రెండు చిప్పల్నీ మూతిమూతి కలిపి పీచుతాడుతో చుట్టేది. గిన్నెలకి తగిలి చప్పుడు చెయ్యకుండా చిప్పల మీద పీచు కూడా ఉంచేసింది. చూసినవాళ్ళకి అచ్చం కొబ్బరికాయే. అంత తెలివి ఆమెకి ఎందుకు పుట్టిందా అని నేను ఇప్పటికీ విసుక్కుంటాను.

ఆ ఏడు పాతపట్నం నుంచి కబురొచ్చింది. అక్కడో పెద్ద రైతుకుటుంబంలో పెళ్ళి. పెళ్ళికూతురి మామ్మ మా వైపు ఎవరింటనో పిన్ని చేతి ఆవపెట్టిన పనసకాయ కూర తిన్నదట, తన మనవరాలి పెళ్ళికి ఆ చెయ్యే కావాలని పట్టుబట్టింది. నాకు పెళ్ళయి అప్పటికి ఏడాది. పిన్ని నన్ను జట్టులో ఇంకా పూర్తిగా చేర్చుకోలేదు. బస్సెక్కబోతుంటే వేలెత్తి చెప్పింది: "సూడే, ఈ పెళ్ళి బాగా దాటితే నువ్వు నాతో ఉంటావు. ఏ మాటొచ్చినా మళ్ళీ ఎండలో కోతలకే ఎల్తావు. నాను సుట్టరికం సూడను." ఎండలో వంగి కొయ్యడం కన్నా పొయ్యి దగ్గర నిలబడి చెమటోడ్చడం నాకు స్వర్గంలా కనిపించేది. (ఎంత చిన్న స్వర్గమో చూడండి.) ఎలాగైనా ఈ పెళ్ళి దాటాలని దారిపొడుగునా దేవుళ్ళందరికీ దండాలు పెట్టాను.

దేవుళ్ళు వినలేదు. బస్సు మీంచి సామాను దించుకునే హడావిడిలో సంచులు కలిసిపోయాయి. పసుపు పొట్లం చిట్లి, మా సబ్బుచిప్పలు నిండా పసుపు పూసుకున్నాయి. మర్నాడు తెల్లవారుతూనే పొయ్యిపూజ. గాడిపొయ్యి చుట్టూ ముగ్గులు పెట్టాం, కుంకం బొట్లు పెట్టాం. పెళ్ళివారి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. పెళ్ళికూతుర్ని నలుగుపిండి మొహంతోనే తీసుకొచ్చి పొయ్యి పక్కన పీట మీద కూర్చోబెట్టారు. కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, అప్పుడు పొయ్యి రాజెయ్యాలి. కర్పూరం పళ్ళెం నా చేతిలో ఉంది. పిన్ని ఒక పక్క, పచ్చికర్రలు తెచ్చినందుకు కట్టెలాయనతో తగువాడుతోంది. "ఇయి కర్రలేటి, తోటకూర కాడలేటి?" అంటూనే చెయ్యి వెనక్కి చాపింది. పొడుగు వదిన సంచిలో చెయ్యి పెట్టి, పసుపుగా గుండ్రంగా తగిలినదాన్ని తీసి ఆ చేతిలో పెట్టింది. పిన్ని మొహం కట్టెలాయన వైపే ఉంది. ఒక్క దెబ్బ వేసింది.

అంత చక్కగా పగిలిన కాయని నేను మళ్ళీ చూడలేదు. తాడు తెగింది, చిప్పలు చెరో పక్కకి విడిపోయాయి. మధ్యలోంచి మా సబ్బు ఎగిరొచ్చి, ముగ్గు నడుమ బుద్ధిగా కూర్చుంది. నలుగురు ఆడవాళ్ళం అరగదీసిన బిళ్ళ కదా, ఉసిరికాయంత అయింది, తెల్లగా, గుండ్రంగా, ఒంటినిండా పీచు అంటించుకుని ఉంది.

అప్పుడు వెనకనుంచి ఎవరో కేక పెట్టారు. "ఓలమ్మ! పువ్వే! కాయలో పువ్వు పడినాదర్రా!"

కాయలో పువ్వు పడితే ఎంత శుభమో మీకు నేను చెప్పక్కర్లేదు. పెళ్ళింట పడితే ఇక అడగాలా. దాన్ని పెళ్ళికూతురికి తినిపిస్తారు, ఏడాది తిరక్కుండా కడుపు పండుతుందని. అందరూ ఒకటే సంబరం. పిన్ని మాత్రం కిందికి చూసి కొయ్యబారిపోయింది. మనిషి ఎంత కొయ్యబారినా కాళ్ళు పనిచేశాయి, రెండు ఖాళీ చిప్పల్నీ మెల్లిగా కుచ్చిళ్ళ కిందికి లాగేసుకుంది. ఈలోగా మామ్మగారు వంగి ఆ పువ్వుని తీసి, కళ్ళకద్దుకుని, మనవరాలి వైపు తిరిగింది.

"నోరు తెరువమ్మా. నమలకు, మింగెయ్యి."

పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. పిన్ని నా డొక్కలో మోచేత్తో పొడిచింది. "ఏదోటి సెయ్యే, బేగి" అని పళ్ళ మధ్యనుంచి అంది. సబ్బని చెబితే పొయ్యి దగ్గరే అపశకునం, పెళ్ళివాళ్ళు మమ్మల్ని మొదటి బస్సుకే పంపేస్తారు, నేను కోతలకి. చెప్పకపోతే పెళ్ళికూతురు సబ్బు మింగుతుంది, తర్వాత జరిగేది ఇంతకంటే ఘోరం. ఆలోచించే తీరిక ఎక్కడిది! పళ్ళెం కింద పెట్టాను, మామ్మగారి వేళ్ళ మధ్యనుంచి సబ్బు లాక్కున్నాను, నా నోట్లో వేసేసుకున్నాను.

ఊరంతా ఒక్కసారి నోళ్ళు తెరిచింది. నేను మాత్రం మూసుకున్నాను.

"ఓసి నీ జిమ్మడ! నా మనవరాలి పువ్వు నువ్వు మింగినావేటే!" అని మామ్మగారు చెయ్యెత్తింది. నాకా, నాలుక కాలిపోతోంది, కళ్ళలో నీళ్ళు, గొంతులో అదొక జారుడుబండ. ఉమ్మలేను, మింగలేను, నోరు విప్పి మాట్లాడదామంటే నురగ.

పిన్ని ఇద్దరి మధ్యలోకి దూకింది. "మామ్మగారో, కొట్టకండి! ఒట్టి మనిసి కాదది. నెల తప్పినాది. కడుపుతో ఉన్నదానికి నోరు ఆగుతాదా సెప్పండి!"

నేను బిత్తరపోయి పిన్ని వైపు చూశాను, ఆ గుటకలో సబ్బు లోపలికి జారిపోయింది. అంతలో కడుపులోనుంచి సబ్బు తన దారి తాను వెతుక్కుంది. కట్టెలమోపు వెనక్కి పరుగెత్తి, వాంతి చేసుకున్నాను. ఇంక సాక్ష్యం ఏం కావాలి? వెనకనుంచి "ఏవిళ్ళు, ఏవిళ్ళే" అని జాలిమాటలు వినిపించాయి. ఎవరో పరుగున వచ్చి తల పట్టుకున్నారు, ఎవరో నిమ్మకాయ తెచ్చారు. మామ్మగారి ఎత్తిన చెయ్యి దిగి నా వీపు నిమిరింది. "ఏటో, నీ నోటికి రాసిపెట్టున్నాది. దీని కడుపు సల్లగుంటే మన పిల్లకీ శుభమే" అని అందరికీ వినబడేలా తీర్పు చెప్పింది. పొయ్యి వెలిగింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు విసుగు అప్పుడే మొదలైంది. పెళ్ళి అయ్యేదాకా మామ్మగారు నన్ను గిన్నె ముట్టనివ్వలేదు. నీళ్ళబిందె ఎత్తబోతే "ఒసే, దించే!" అని అరుగు మీదనుంచి కేక. రుబ్బురోలు దగ్గర కూర్చుంటే ఎవరో వచ్చి లేవదీసేవాళ్ళు. చలవపందిట్లో చాప వేసి కూర్చోబెట్టి, పూటపూటా నెయ్యి పోసి అన్నం పెట్టారు. పప్పులో సబ్బు, పాయసంలో సబ్బు, ఆవపెట్టిన పనసకాయ కూరలో సబ్బు, ఏం తిన్నా నాకు అదొక్కటే వాసన. త్రేన్పొస్తే స్నానం చేసినట్టుండేది. దారిన పోయే ప్రతి ముసలామె నా పొట్ట వైపు చూసి మొగపిల్లాడనీ ఆడపిల్లనీ చెప్పి వెళ్ళేది. నా వంతు పని పొడుగు వదిన మీద పడింది. ఆమె మినప్పప్పు రుబ్బుతూ నన్ను చూసి పళ్ళు కొరికేది. "సబ్బు తిన్నదేమో అది, అరుగుతన్నదేమో నా నడుం!" పిన్ని బాధ పిన్నిది. "ఉన్న ఒక్క సబ్బూ మింగి కూకున్నావు. ఇప్పుడు నలుగురం దేంతో తోముకోవాలే? సెనగపిండి మామ్మగారిని అడగమంటావేటి?" ఆమె పరువు కాపాడింది నేను, పైగా తిట్లు నాకు!

అప్పగింతలయ్యాక గిన్నెలు తోమి, సంచులు కట్టుకుంటుంటే మామ్మగారు నన్నొక్కదాన్నీ వంటపాక వెనక్కి పిలిచింది. ఒడిలో జాకెట్టు గుడ్డ పెట్టి, బొట్టు పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"ఎలగున్నాదే, ఆ సబ్బు?"

"మామ్మగారూ, మీకు..."

"సేత్తో పట్టుకున్నదాన్ని, నాకు జారుడు తెల్దా? ఆసన తెల్దా?"

"మరి పెళ్ళికూతురి నోట్లో పెట్టబోయినారు కదండీ!"

"నానేటి సేతును? అందరూ పువ్వు పువ్వని కేకలేసేసినారు. సబ్బంటే నా మనవరాలి పెళ్ళి సబ్బుపెళ్ళి అయిపోద్ది. సెయ్యి అడ్డం పెట్టి జారవిడుద్దామనుకున్నాను. ఈలోగా నువ్వే గద్దలాగ ఎత్తుకుపోయినావు." మామ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. "కడుపైనా నిజమేనేటే?"

"కాదండి."

"ఓలప్పా! మరి అంత నెయ్యీ..." అని నుదురు కొట్టుకుంది. "సర్లే. తిన్న నెయ్యికైనా వచ్చే ఏటికి నిజం సెయ్యి."

పిన్ని నన్ను జట్టులో ఉంచింది. ఆ తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళ పొయ్యిల దగ్గర నిలబడ్డాను, పిన్ని పోయాక ఆ గరిటె నా చేతికే వచ్చింది. ఇప్పుడు ఆ మామ్మగారి వయసు నాది. ఒక్కోసారి ఆ తెల్లవారుజాము కళ్ళముందు కదులుతుంది. పొగ, ముగ్గు, బుగ్గలు ఉబ్బించుకుని కళ్ళనీళ్ళతో నిలబడ్డ ఒక చిన్నది. ఒక పొయ్యి దగ్గర చోటు పోతుందేమోనన్న భయంతో ప్రపంచంలో దేన్నైనా మింగేసేలా ఉంది. నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. దగ్గరికెళ్ళి ఆ గడ్డం కింద దోసిలి పట్టాలనిపిస్తుంది. "ఉమ్మేయే, ఎర్రి గుంటా. నీ సోటు నీకే ఉంటాది. ముందు నోరు కడుక్కో" అని చెప్పాలనిపిస్తుంది.