గట్టిగా బిగించిన బోల్టులు

ఆ ఆసుపత్రిలో లిఫ్టులు చూసే మెకానిక్‌ను అందరూ లిఫ్టు బాబాయి అనేవారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన చేతి కింద ఒక్క లిఫ్టూ మధ్యలో మొరాయించలేదు. పానా పట్టుకుంటే ఆయనకు ఎదురులేదు. పెన్ను పట్టుకుంటే మాత్రం చెమటలు పట్టేవి. కొత్త యాజమాన్యం వచ్చాక, చేసిన పని రోజూ ఇంగ్లీషులో రాసివ్వాలన్నారు. ఎనిమిదో తరగతి చదువుతో నెట్టుకొస్తూ, మాట చివర 'లీ' తగిలిస్తే మన 'గారు'లా మర్యాదగా ఉంటుందని ఆయన సొంతంగా తేల్చుకున్నాడు.

ఒక సోమవారం, ఆపరేషన్ థియేటర్ల లిఫ్టుకు బ్రేకు బోల్టులు ఒళ్లు దగ్గర పెట్టుకుని బిగించాడు. రిపోర్టులో "ఐ హార్డ్లీ టైటెండ్ ది బ్రేక్ బోల్ట్స్" అని రాసి సంతకం పెట్టాడు.

మర్నాడు వచ్చేసరికి ఆ లిఫ్టుకు తాళం వేసి ఉంది. స్ట్రెచర్లను వెనక ర్యాంపు మీదుగా తోసుకుపోతున్నారు. సేఫ్టీ ఆఫీసరమ్మ పదకొండు గంటలకు తన గదికి రమ్మని కబురు పెట్టింది. కారణం చెప్పలేదు.

 బాబాయి అక్కడే నర్సుగా పనిచేసే కోడలిని వెతుక్కుంటూ వెళ్లి, రిపోర్టు నకలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చదివి, నవ్వు ఆపుకుంది.

"మామయ్యా, బోల్టులు ఎలా బిగించారు?"

"ఎలా ఏంటమ్మా, గట్టిగా."

"గట్టిగా అంటే హార్డ్. దానికి లీ అక్కర్లేదు. హార్డ్లీ టైటెండ్ అంటే బిగించీ బిగించనట్టు. అలా చేశానని మీరే రాసిచ్చారు."

ఇద్దరూ కలిసి వెళ్లారు. కోడలు సంగతంతా వివరించింది. ఆఫీసరమ్మ ఊరికే నమ్మలేదు. మెషిన్ గదికి వచ్చి, బిగువు కొలిచే పానాతో నాలుగు బోల్టులూ తానే చూసింది. ఒక్కటీ వెంట్రుకవాసి కదల్లేదు. "పని బాగానే ఉంది. మాటే వదులైంది" అని తాళం తీయించింది. బాబాయి మెట్ల మీద కూలబడి, రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం క్యారియర్ల ముందు కోడలు పాఠం చెప్పేది. యూజువల్లీ లాంటిది పని చెప్పే మాటకు ముందు రావాలి, యెస్టర్డే చివర ఉంటే నయం. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈ మధ్య. కేర్‌ఫుల్‌కు లీ కావాలి, ఫాస్ట్‌కు వద్దు.

"ఇదెక్కడి న్యాయమమ్మా?" అన్నాడాయన.

"మనం నెమ్మదిగా అంటాం, చకచకా అంటాం. చకచకాకు 'గా' తగిలిస్తామా మామయ్యా?"

ఆ మాట ఆయన బుర్రకెక్కింది. మూడో వారంలో "ఐ చెక్డ్ ది డోర్స్ కేర్‌ఫుల్లీ యెస్టర్డే" అని రాసిచ్చాడు. ఆఫీసరమ్మ ఒక్క దిద్దుబాటూ లేకుండా సంతకం చేసింది. ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంట్లోకి వచ్చిన మొగుణ్ని చూసి, ఏమిటి విశేషమని భార్య అడిగింది. విశేషమేం లేదు, ఇవాళ కాగితం పని పది నిమిషాల్లో అయిపోయిందని చెప్పి, చెప్పులు విడిచి హాయిగా కాళ్లు చాపుకున్నాడు.