కేబిన్‌లో మూడు రోజులున్నానని నేను చెప్పిన కథ

ఒకే ఏడాదిలో కువైట్‌లో నాకు పదకొండు పుట్టినరోజులు జరిగాయి. పదకొండు అన్నది కొంచెం ఎక్కువే, నాలుగు. కానీ నాలుగు కేకుల మీదా నా వయసు వేరువేరుగా ఉండింది.

హవల్లీలో విజయవాడ ఇంజనీరు ఒకాయన ఫ్లాటులో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఏడెనిమిది మందిమి కలిసేవాళ్ళం. తాగుడు మానాలనుకునేవాళ్ళ కూటం అది. తాగడమే నేరమైన దేశంలో మానేశానని చెప్పుకోవడమూ చిక్కే. మానేశానంటే అంతకుముందు తాగినట్టే కదా. బిల్డింగు కావలివాడు అడిగితే చెప్పడానికని ఇంజనీరు ప్రతివారం ఒక కేకు తెచ్చి మధ్యలో పెట్టేవాడు. వారానికొకరికి పుట్టినరోజు. తలుపు మూసి, టీవీ శబ్దం పెంచి, ముట్టుకోకుండా ఎన్నాళ్ళయిందో ఒక్కొక్కరం చెప్పుకునేవాళ్ళం. చక్కెర జబ్బున్న నేను కూడా ముక్క తినక తప్పేది కాదు.

అక్కడ వయసులో నేనే పెద్ద. పెద్దవాడు చిన్న లెక్క చెప్పడం నామోషీ. అందుకని మొదటి రోజే పదకొండు నెలలైందన్నాను. ఎట్లా మానేశావని అడిగితే కథ చెప్పాను. అమ్ఘరాలో పాత ఇనుము యార్డుకు నేను కావలి. యార్డు చివర రేకుల కేబిన్ ఒకటుంది. దాంట్లోకి పోయి తాళం వేసుకుని, తాళంచెవిని కిటికీలోంచి ఇసుకలోకి విసిరేసి, మూడు రోజులు మంచినీళ్ళ మీదే ఉండి, నాలుగోనాడు మనిషినై బయటికొచ్చానని చెప్పాను. చెవి బయట పడి ఉంటే నువ్వెట్లా వచ్చావని ఒక్కరూ అడగలేదు. కథ బాగుంటే జనం అడగరు.

అందరికంటే గట్టిగా నమ్మినవాడు ఒక డ్రైవరు. రాయచోటి దగ్గర పల్లెవాడు, నలభై దాటినవాడు, ఒక కువైటీ ఇంట్లో పని, ఆ యజమానే వాడి కఫీల్. ఎవరో గదుల్లో దొంగచాటుగా కాచే సారా రోజూ తాగేవాడు. ఈ వణికే చేతులతోనే కఫీల్ పిల్లల్ని బడికి తీసుకుపోతున్నానని కూటంలో చెప్పి తల దించుకున్నాడు. నన్ను పెద్దనాయనా అని పిలిచేవాడు.

ఒక బుధవారం సాయంత్రం సంచి ఒకటి, నీళ్ళ సీసాల కట్ట ఒకటి పట్టుకుని యార్డుకొచ్చాడు. కఫీల్ కుటుంబం ఉమ్రా యాత్రకు మక్కా పోయిందనీ, ఆదివారం దాకా రాదనీ, ఆ కేబిన్ తనకిమ్మనీ అడిగాడు. సరేనని తాళం తెచ్చాను.

"నేనెంత మొత్తుకున్నా తెరవద్దు పెద్దనాయనా. నువ్వు ఓర్చుకున్నావు గదా, నాకేమొచ్చె?" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పకపోగా, రెండోనాడు కష్టంగా ఉంటుంది, మూడోనాటికి తేలికైపోతుందని ధైర్యం కూడా చెప్పాను. వాడు లోపల గడియ పెట్టుకున్నాడు. నేను బయట తాళం వేశాను.

గురువారమంతా వాంతులు. కిటికీ జాలీలోంచి పలకరిస్తే చెమటతో తడిసిన ముఖం పెట్టి నవ్వాడు. శుక్రవారం యార్డుకు సెలవు. ఇనుపగుట్టల మధ్య నేనూ, ఆ రేకుల డబ్బా, దాని ఏసీ మోత. పదింటికి టీ తీసుకుని పోతే లోపల వాడు ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఇంత ఎండలో వచ్చినావేమ్మా, కాళ్ళకు చెప్పులన్నా లేకుండా," అంటున్నాడు.

వాడి కూతురు ఊళ్ళో తొమ్మిదో తరగతి చదువుతోంది.

అదేమిటో నాకు తెలుసు. నేను మానింది కేబిన్‌లో కాదు, ఆసుపత్రి మంచం మీద. కడుపునొప్పని చేరాను. రెండోనాడు చేతులు వణికి, గోడంతా బల్లులు కనబడి, చివరికి మూర్ఛ వచ్చి నాలుక కొరుక్కున్నాను. చేతులు మంచానికి కట్టి సూదులేశారు. తొమ్మిది రోజులున్నాను. అది జరిగి పదకొండు నెలలు కాదు, ఆ శుక్రవారానికి యాభై మూడు రోజులు.

బల్లుల తర్వాత ఏం వస్తుందో తెలిసి కూడా తాళం చెవి పట్టుకుని రెండున్నర గంటలు ఆ గడప ముందే కూర్చున్నాను. అంబులెన్సు వస్తే పోలీసులొస్తారు, ఇక్కడ ఉండనిచ్చే వాడి ఇఖామా పోతుంది, దాచినందుకు నాదీ పోతుంది, ఇద్దర్నీ ఊరికి తోలేస్తారు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ భయం నిజమే. కానీ సగమే. తలుపు తెరుచుకుంటే నా కథ బయటపడుతుంది, అది మిగతా సగం. మధ్యలో ఇంజనీరు ఫోన్ చేసి మధ్యాహ్నం వస్తున్నావు కదా అని అడిగాడు. జ్వరమన్నాను.

పన్నెండున్నరకు లోపల ఏదో దబ్బున పడింది. పిలిస్తే మూలుగు వినబడింది. అప్పుడు నేనే ఇంజనీరుకు ఫోన్ చేశాను.

ముప్పావు గంటలో కారేసుకుని వచ్చాడు. ఆలోపు తాళం తీశాను గానీ లోపలి గడియ వాడు తీస్తే గదా. ఇంకొక రోజే కదా, నన్ను వదిలేసి పోండి అంటున్నాడు. గొంతు ముద్దగా ఉంది. ఇంజనీరు బతిమాలాడు, కసిరాడు. గునపంతో పొడిచాం. రేకు సొట్టపడింది గానీ గడియ కదల్లేదు.

ఇంజనీరు పక్కనే ఉన్నాడు. అయినా జాలీకి నోరానించి అన్నాను.

"ఒరే అబ్బోడా, నేను దీంట్లో మూడు దినాలు లేను. మూడు గంటలు గూడా లేను. ఆసుపత్రిలో కట్టేసి మాన్పించినారు నన్ను."

"అబద్ధం. నన్ను బయటికి తీసేకి చెప్తాండావు," అన్నాడు.

ఇన్నేళ్ళలో నా అబద్ధాలన్నీ చెల్లాయి. నిజం చెబితే చెల్లలేదు.

"తాళం చెవి బయట పారేసినానంటి గదా," అన్నాను. "మరి నేను బయటికి ఎట్టొచ్చినారా?"

ఇంజనీరు నా వంక చూశాడు. నేను చూడలేదు.

"మూర్ఛలో నాలుక కొరుక్కున్నా. గాటు ఇంకా ఉంది," అన్నాను.

"చూపీ," అన్నాడు లోపలినుంచి.

అరవై ఆరేళ్ళ వయసులో, మిట్టమధ్యాహ్నం, పాత ఇనుము మధ్య నిలబడి కిటికీకి ముఖం ఆనించి నాలుక చాపాను. ఇంజనీరు ఫోన్ లైటు పట్టుకున్నాడు. వాడు జాలీ దగ్గరికి పాకుతూ వచ్చి, ఎర్రటి కళ్ళతో చాలాసేపు చూశాడు. గడియ తీయడానికి వాడి చేతులకు మూడుసార్లు పట్టింది.

కారులో నా ఒళ్ళో ఉండగానే మూర్ఛ వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తాగాడని అడిగితే ఇంజనీరు తడబడ్డాడు. సారా, రోజూ, చివరిసారి బుధవారం పొద్దున అని నేనే చెప్పాను. నన్నెప్పుడు మానావని అడిగింది. అదీ చెప్పాను. ఆమె రాసుకుని లోపలికి పోయింది. పోలీసులు రాలేదు. అందరికీ అట్లాగే జరుగుతుందని నేను చెప్పలేను. తలుపు శబ్దమైన ప్రతిసారీ ఇద్దరం లేచి నిలబడ్డాం.

నాలుగోనాడు వాడికి తెలివొచ్చింది. కఫీల్ ముందురోజే వచ్చేశాడు, ఫోన్ల మీద ఫోన్లు. ఏం చెప్పాలో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. గుడ్డతో కట్టిన తన చేతులను చూసుకుని అడిగాడు.

"నీ చేతులూ ఇట్లే కట్టినారా?"

"కట్టినారు."

"ఏడ్చినావా?"

ఒక్క కన్నీటిచుక్కే అని నోటిదాకా వచ్చింది. "రెండు దినాలు," అన్నాను. "మా అమ్మను పిల్చి ఏడ్చినా."

"ఇప్పుడు తాగబుద్ది కాదా?"

"ఈ పొద్దు గూడా అయింది. బస్సులో వస్తావుంటే."

వాడు పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. దిండు పక్కన వాడి ఫోన్ మళ్ళీ మోగింది. నన్ను ఎత్తమనలేదు.

"సరే, కూచో," అన్నాడు.

కుర్చీ లేదు. మంచం అంచున కూర్చున్నాను.