కోసిగి ఈరమ్మ ట్రంకు పెట్టె

వానాకాలం చెమ్మకు కాగితాలు బూజు పడతాయని మొన్న ట్రంకు పెట్టె తెరిచాను. పైన చుట్టిన ముతక గుడ్డ విప్పగానే జొన్న గంజి వాసన గుప్పుమంది. ఆ గుడ్డ నేసిన మనిషి పోయి అయిదేళ్ళయింది, గంజి వాసన మాత్రం పోలేదు. ఆమె కూడా అంతే, ఒకచోట భీష్మించుకు కూర్చుంటే లేపడం ఎవరి తరమూ కాదు. పేరు కోసిగి ఈరమ్మ. ఎమ్మిగనూరులో మగ్గం నేసేది. అక్షరమ్ముక్క రాదు. బడిపంతులునైన నా చేత నా పేరు పూర్తిగా రాయించింది ఆమే. ఆమెను ఎరగని వాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు.

నేను ఆ ఊరి బడికి కొత్తగా వచ్చినప్పుడు నా పేరు కె. రామప్ప. 'కె' దగ్గర ఆగిపోవడానికి కారణం సిగ్గు, ఇప్పుడు దాచేదేముంది! కోసిగి అంటే మా వైపు కరువుకు పెట్టింది పేరు. ఆ ఊరు విడిచి వలస పోయినవాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ జనం వాళ్ళను కోసిగి వాళ్ళు అన్నారు, చివరికి అదే ఇంటిపేరయింది. అందుకే ఆ ఇంటిపేరు లేని కులం మా వైపు లేదు. ఆ పేరు చెబితే 'కూలికి వచ్చినవాళ్ళా?' అని అడుగుతారని నా భయం. నేను చేరిన వారానికే ఒక ముసలమ్మ తలమీద ట్రంకు పెట్టెతో బడిలోకి వచ్చి, పిల్లలందరి ముందు నన్ను నిలదీసింది.

"ఏమప్పా, ఆ 'కె' అంటే ఏంది? కోతా, కొండముచ్చా?"

పిల్లలు ఒకటే నవ్వు. "కోసిగి" అన్నాను నెమ్మదిగా.

"గట్టిగా చెప్పు. దొంగతనం చేసినావా ఏంది, అట్ల గొణుగుతాండావు?" అని పెట్టె దించి నా బల్ల మీద పెట్టింది. "నువ్వు మావాడివే. దీంట్లో ఉండేదంతా చదివి, ఒక పుస్తకంగా రాయల్ల."

పెట్టె నిండా కాగితాలు. కోసిగి అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఎక్కడ ఏమి రాసినా సరే, అడిగి, బతిమాలి, ఒక్కోసారి తిట్టి తెచ్చుకున్నవి. మంత్రాలయంలో యాత్రికులకు ఉత్తరాలు రాసిపెట్టే ఆచారి రాసుకున్న కీర్తనలు అందులో ఉన్నాయి. బనగానపల్లె తోటల్లో మామిడి అంట్లు కట్టే హుసేనప్ప ఏ చెట్టు గుణం ఏమిటో బొగ్గుతో రాసిపెట్టిన అట్టలున్నాయి. కడప ఆసుపత్రిలో కాన్పులు చేసే మార్తమ్మ నోటు పుస్తకం ఉంది. మా ఊరి నేతగాళ్ళు రాసుకున్న పాటలున్నాయి. చివరికి కర్నూలులో పెద్ద వకీలుగా వెలుగుతున్న ఒకాయన సభల్లో చేసిన ప్రసంగాలు కూడా ఉన్నాయి. ఆయనా కోసిగి వారే.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టావని ఒకరోజు అడిగాను. మగ్గం గుంటలో కూర్చుని, చెయ్యి ఆపకుండానే చెప్పింది. ఆమె వయసులో ఉన్నప్పుడు జనాభా లెక్కలు రాసేవాడు వీధిలోకి వచ్చాడట. గడప దగ్గర నిలబడి, "కోసిగి వాళ్ళేనా? మీలో రాత వచ్చినోడు యాడుంటాడులే" అని, ఎవరినీ అడగకుండా ఇంటిల్లిపాదినీ ఒకే గీతతో రాత రానివాళ్ళ వరుసలో వేసుకుని పోయాడట.

"అడిగి రాసుకోనుంటే నాకు ఏ బాధా లేకపోయేది. అడగలేదు జూడు, అది మండింది. మాలో రాసినోళ్ళు ఎంతమంది ఉండారో వాని మొగాన కొట్టల్ల అనుకున్న్యా. మా నాయన రాసిన కాగితం అప్పటికే నా దగ్గర ఉండాది."

ఆ కాగితాన్ని రవికె గుడ్డలో చుట్టి, పెట్టె అడుగున దాచింది. ధాత నామ సంవత్సరపు పెద్ద కరువులో కోసిగి వదిలి వచ్చినప్పుడు వాళ్ళ నాయన రాసిందట. చనిపోయేముందు "ఇది నా రాత, భద్రం" అని ఆమె చేతిలో పెట్టాడట. ఎవరినీ విప్పనిచ్చేది కాదు. పుస్తకం పూర్తయ్యాక, మొదటి పుటలో అదే ఉండాలని మాత్రం ఒట్టు వేయించుకుంది.

రెండేళ్ళు చదివాను, రాశాను. తగాదాలు లేకుండా కాదు. మార్తమ్మ నోటు పుస్తకంలో ఉన్నదంతా కాన్పుల ముచ్చటే. 'ఆదివారం. అడ్డం తిరిగిన బిడ్డ. తల్లి పళ్ళు బిగించి ఒక్క మాట అనలేదు. ఇద్దరూ బతికారు. నేను ఇంటికి వచ్చి ఏడ్చాను.' ఇలాంటివి. ఇది సాహిత్యం కాదవ్వా, తీసేద్దాం అన్నాను.

"ఇందాక చదువుతా చదువుతా నీ గొంతు ఎందుకు పూడిపోయింది మరి?" అంది ఈరమ్మ.

ఆ నోటు పుస్తకం ఉండిపోయింది.

పుస్తకం సంగతి వకీలు గారి చెవిన పడింది. నన్ను కర్నూలుకు పిలిపించుకుని, అచ్చు ఖర్చంతా తనదేనన్నాడు. సంపాదకుడిగా నా పేరు అట్ట మీద వేయిస్తానన్నాడు. ఒకటే షరతు: మార్తమ్మ, హుసేనప్ప, నేతగాళ్ళ రాతలు ఉండకూడదు. "మన వంశానికి ఒక మర్యాద ఉంది కదా పంతులూ" అన్నాడు. అచ్చులో నా పేరు కళ్ళ ముందు కదిలింది. తల ఊపాను. ఎమ్మిగనూరు వచ్చి, ఈరమ్మకు చెప్పకుండా, ఆ పుటలన్నీ విడదీసి, నోటు పుస్తకం, అట్టలతో సహా నా సంచిలో దాచాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

వకీలు గారికి పుస్తకం అప్పగించే రోజు ఈరమ్మ పెట్టెతో సహా నాతో వచ్చింది. హాలులో ఆయన స్నేహితులు నలుగురున్నారు. ఆమె చాప మీద కూర్చుని, మొదటిసారి ఆ రవికె గుడ్డ విప్పి, కాగితం ఆయన చేతికిచ్చింది. "ఇది మొదట వేయల్ల సామీ. మా నాయన రాసింది" అంది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని పైకే చదివాడు. అది కరువు పనిలో చేరేటప్పుడు గుమాస్తా రాసిచ్చిన కాగితం. కోసిగి నుంచి వచ్చిన సాలె నాగప్ప రాళ్ళు కొట్టే పనికి ఒప్పుకున్నాడనీ, రాత రానివాడు గనుక కింద గుర్తుగా మగ్గంలో పోగు నడిపే నాడె బొమ్మ గీశాడనీ అందులో ఉంది. "ఇందులో మీ నాయన రాసిందేమీ లేదమ్మా, నాడె బొమ్మ ఒకటి తప్ప" అన్నాడు. స్నేహితుల్లో ఒకరు పకపకా నవ్వారు.

ఆమె కుప్పకూలుతుందనుకున్నాను. నలభై ఏళ్ళు గుండెకు హత్తుకున్న కాగితం. ఆమె చెయ్యి చాచి దాన్ని వెనక్కి తీసుకుంది, కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆ బొమ్మ మా నాయన చేత్తో గీసిందేనా?" అని నన్ను అడిగింది.

"ఆయన గీసిందే అవ్వా."

"ఒట్టి నాడె గాదప్పా. పోగు గూడా వేసినాడు, ఈడ జూడు. రాళ్ళు కొట్టే పనికి పోతా గూడా, నేను నేసేవాణ్ణి అని చెప్పినాడు." అప్పుడు వకీలు గారి వైపు తిరిగింది. "రాత రానోడని ఆ గుమాస్తా రాసినాడు. కాదని మా నాయన కిందనే గీసినాడు. ఇదే మొదటి పుట."

"అది కుదరదు. అసలు మీ పంతులు చాలా పుటలు ముందే తీసేశాడు" అన్నాడాయన చల్లగా.

ఈరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "యాడ పెట్టినావప్పా వాటిని?" అని మాత్రం అడిగింది. సంచిలో నుంచి తీశాను. మార్తమ్మ నోటు పుస్తకం, హుసేనప్ప అట్టలు, అన్నీ ఒక్కొక్కటిగా పెట్టెలో పెట్టాను. ఆ తర్వాత పెట్టె నేనే తలకెత్తుకున్నాను.

"ఇక ఇది అచ్చుకాదు, గుర్తుంచుకో పంతులూ" అన్నాడు వకీలు.

"కాకపోతే పోనీలే సామీ" అంది ఈరమ్మ, చెప్పులు వేసుకుంటూ. "మీ ప్రసంగాలు మాత్రం మేము తీసెయ్యం. మీరూ మావాళ్ళే గదా!"

అచ్చు కాలేదు. ఏడు ప్రతులు చేత్తో రాశాను. ప్రతిదానికీ ఆమె గుడ్డ నేసింది. మంత్రాలయం, బనగానపల్లె, కడప, ఒక్కొక్క ఊరికి ఒకటి పంపించాం. వకీలు గారికి కూడా ఒకటి. ఆయన దాన్ని తిప్పి పంపలేదు, ఆ మాట చెప్పాలి. మళ్ళీ లెక్కలవాళ్ళు వచ్చిన ఏడు ఈరమ్మ గడపలోనే కూర్చుని, "రాత వచ్చునా?" అని ఆ కుర్ర గుమాస్తా అడగగానే పుస్తకం అతని ఒళ్ళో పెట్టింది. "ముందు ఇది చదువు. ఆ పైన అడుగు." పాపం, అతను ఎండలో సగం పుస్తకం చదివి, ఆమె పెట్టిన రాగిసంగటి తిని మరీ వెళ్ళాడు. ఏమని రాసుకున్నాడో నాకు తెలియదు. ఆ మరుసటి ఏడే ఆమె పోయింది, పెట్టె నాకు మిగిలింది.

బడిలో పిల్లలను చేర్చడానికి వచ్చే తల్లిదండ్రుల్లో రాత రానివాళ్ళ చేత నేను వేలిముద్ర వేయించను. కలం చేతికిచ్చి, నీ పనిముట్టు గీయమంటాను. మా బడి రిజిస్టరులో కొడవళ్ళున్నాయి, సమ్మెటలున్నాయి, మంత్రసాని కత్తెర ఉంది. స్వరాజ్యం వచ్చిన ఈ ఏడు తనిఖీకి వచ్చిన అధికారి వాటిని చూసి మండిపడ్డాడు. "ఈ పిచ్చి బొమ్మలేమిటి?" అన్నాడు. సంతకాలండీ అన్నాను. సంజాయిషీ ఇమ్మని తాఖీదు వచ్చింది. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

నిన్న జవాబు రాశాను. ఒక్క వాక్యమే: గీసిన చెయ్యి వాళ్ళదే, కాబట్టి అవి సంతకాలే. కింద నా పేరు, కోసిగి రామప్ప అని పూర్తిగా. పక్కన ఒక నాడె గీశాను, పోగుతో సహా.