దొంకపాలెం రేవుకి సగం

బాలత్రిపురసుందరి సముద్రాన్ని చూసింది ముచ్చటగా మూడు సార్లు. చిన్నప్పుడు మేనత్త పెళ్లికి కాకినాడ వెళ్లినప్పుడు ఒకసారి, బడిపిల్లల్ని విశాఖపట్నం తీసుకెళ్లినప్పుడు ఒకసారి, రైలు కిటికీలోంచి ఒకసారి. ఆ మూడోది సముద్రమో పెద్ద చెరువో ఆవిడకే అనుమానం. అలాంటి మనిషి రోజూ మధ్యాహ్నం రెండింటికి చిక్కడపల్లిలో ఒక టిఫిన్ సెంటర్ పై గదిలో కూర్చుని, ఆరువందల కిలోమీటర్ల అవతల సముద్రం రేపు ఎలా ఉండబోతోందో చెప్పేది. ఇది విని నవ్విన వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒక్కడూ పొట్టకోసం పడవెక్కిన వాడు కాదు.

యాభై ఆరులో సెక్రటేరియట్ ఉద్యోగంతో తాతగారు గోదావరి వైపు నుంచి వచ్చి హైదరాబాదులో దిగారు. సుందరి ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, నారాయణగూడలో ఒక ఆడపిల్లల బళ్లో ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పింది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగే చుట్టాలు అడిగీ అడిగీ అలిసిపోయారు. రిటైరయ్యాక అశోక్ నగర్‌లో ఒక ఫ్లాటు తీసుకుంది. కింద జిరాక్స్ షాపు, ఎదురుగా కోచింగ్ సెంటరు, పొద్దున లేస్తే టీ బండి దగ్గర కరెంట్ అఫైర్స్ వల్లె వేస్తూ నిలబడే పిల్లలు. చుట్టూ అందరూ రేపటికోసం చదువుతుంటే తనకి మాత్రం రేపు ఏం పనీ లేదని దిగులుపడే రోజుల్లో, పాత పరిచయస్తుడు జగన్నాథరావు ఆవిడని పిలిచాడు.

ఆయన నడిపే సంస్థ పేరు తీరవాణి. సముద్రం సంగతులు చూసే కేంద్రం నుంచి రోజూ ఇంగ్లీషులో ఒక మెయిల్ వస్తుంది. కెరటం ఎత్తెంత, గాలి ఎటు, ఎంత వేగం, ఒక కెరటానికీ ఇంకో కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లు, అన్నీ ఉంటాయి. దాన్ని తెలుగు చేసి, చదివి, రికార్డు చేసి పందొమ్మిది మత్స్యకార గ్రామాలకి పంపడం పని. కంప్యూటర్ ముందు రమ్య కూర్చుంటుంది. జనగామ దగ్గర పల్లె నుంచి గ్రూప్స్‌కి చదవడానికి వచ్చి, అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ, ఇక్కడ సగం పూట పని చేసే పిల్ల. కూరగాయల బండి మైకు వినపడకుండా కిటికీ మూసి, రమ్య చెయ్యి ఊపగానే, సుందరి డిక్టేషన్ చెప్పిన గొంతుతో మొదలుపెట్టేది. ఒత్తులు ఒత్తుల్లాగే పలికేవి.

ఆ పందొమ్మిది ఊళ్లలో పద్దెనిమిది ఊళ్లు విని ఊరుకునేవి. తిరిగి ఫోను చేసింది ఒక్క దొంకపాలెం ఏడుకొండలే.

ఉత్తరాంధ్రలో ఒక కొండ పక్కన ఒదిగిన ఊరు అది. దక్షిణం నుంచి వచ్చే కెరటాలకి కొండ అడ్డం, అందుకని రేవులో నీళ్లెప్పుడూ నెమ్మదే. అదే కొండ వల్ల ఊళ్లో ఫోన్లు పనిచేయవు. సాయంత్రం ఏడుకొండలు కొండెక్కి సందేశం విని, దిగొచ్చి, రామమందిరం మైకులో ఊరందరికీ తన మాటల్లో చెప్పేవాడు. "మీది బళ్లో తెలుగమ్మా, మా ముసలోలకి ఎక్కదు," అని మొదటి రోజే మొహమాటం లేకుండా చెప్పేశాడు. ముప్పై రెండేళ్ల తన తెలుగు మీద అంతమాట పడ్డాక ఇంకొకరైతే ఫోను పెట్టేసేవారు. సుందరి నవ్వింది.

అప్పట్నుంచి వేట నుంచి తిరిగొచ్చి, రోజూ పదకొండింటికి కొండెక్కి మరీ ఫోను చేసేవాడు. "నిన్న మీరు మీటరున్నరన్నారు. మా రేవులో మోకాలు దాట్నేదమ్మా." ఆవిడ ఒక నోటుపుస్తకం పెట్టింది. ఎడమవైపు మెయిల్లో చెప్పిన ఎత్తు, కుడివైపు ఏడుకొండలు చూసిన ఎత్తు. రెండేళ్లు రాసేసరికి కుడిపక్క అంకె ఎడమపక్క అంకెలో ఇంచుమించు సగమని తేలింది. రోజూ ఎక్కువ చెబుతుంటే కొన్నాళ్లకి వాళ్లు వినడం మానేస్తారన్న భయంతో, ఆవిడ దొంకపాలేనికి వెళ్లే సందేశం చివర ఒక వాక్యం కలిపింది. "దొంకపాలెం రేవుకి ఇందులో సగం."

జగన్నాథరావు గొణిగాడు. "మెయిల్లో లేనిది మనం చెప్పకూడదు కదా, సుందరి గారూ."

"మెయిల్ పంపేవాళ్లకి ఆ కొండ సంగతి తెలీదు కదండీ," అంది ఆవిడ. నోటుపుస్తకం తీసి చూపించింది. ఆయన పేజీలు తిరగేసి సరేనన్నాడు.

ఆ వాక్యంతో ఊరికి ఆ సందేశం మీద గురి కుదిరింది. మూడేళ్లలో సగం తప్పలేదు. ఏడుకొండలు ఫోన్లో వెనక సముద్రం హోరు వినిపించేది, మధ్యమధ్య మేకలు అరిచేవి. మంగ, అంటే వాళ్లావిడ, వండిన చేపల పులుసు గురించి చెప్పి, చేప ముట్టని ఈవిడని ఏడిపించేవాడు. "ఓ పాలి రండమ్మా, రేవు సూద్దురుగాని. మా రేవులో మీకు కాళ్లు మాత్రమే తడుస్తాయి," అనేవాడు. వేసవి వెళ్లాక వస్తాననేది, పండగ వెళ్లాక వస్తాననేది. మొహం చూడని మనిషి గొంతు కోసం పదకొండు కాకముందే వంట ముగించుకుని కూర్చునేది. అంత ఇష్టంగా ఎదురుచూసే పని ఆవిడకి జీవితంలో అంతకు ముందు లేదు.

ఉగాది వెళ్లిన వారం ఒక మెయిల్ వచ్చింది. కెరటం ఎత్తు మీటరుంపావు, మామూలే. గాలి దాదాపు లేదు. సెకన్ల దగ్గర మాత్రం పద్దెనిమిది అని ఉంది. రోజూ తొమ్మిదో పదో ఉండేది. ఎక్కడో దక్షిణాన, వేల మైళ్ల దూరంలో లేచిన ఉబ్బు అది, ఒడ్డున నీళ్లు ఉన్నట్టుండి పొంగవచ్చు, పడవలు పైకి లాగి కట్టుకోండి అని కింద రాసి ఉంది. సుందరి అంతా తెలుగు చేసింది, ఒక్క ముక్క వదలకుండా చదివింది. తర్వాత ఊపిరి తీసుకుని, అలవాటుగా, ఆ వాక్యం కూడా చెప్పింది. దొంకపాలెం రేవుకి ఇందులో సగం.

అంత ఎడంగా వచ్చే కెరటం కొండ పక్కనుంచి వంగి లోపలికి వస్తుందని ఆవిడకి తెలీదు. ఐదేళ్ల నోటుపుస్తకంలో అలాంటి రోజు ఒక్కటీ లేదు.

మర్నాడు పదకొండయింది. పన్నెండయింది. ఫోను మోగలేదు. ఆవిడ చెప్పులేసుకుని ఎండలో నడిచి ఆఫీసుకి వెళ్లేసరికి రమ్య మెట్ల మీదే ఎదురొచ్చింది.

"మేడం, జర కూసోండి," అంది రమ్య. "దొంకపాలెంల పొద్దుగాల సముద్రం పొంగిందట. ఏడుకొండలన్న పడవ పట్టుకుందామని నీళ్లల్లకి ఉరికిండట. పడవనే వచ్చి గుద్దిందట మేడం. అన్న లేడు."

సుందరి మెట్టు మీద కూర్చుంది. కింద టిఫిన్ సెంటర్లో ఎవరో సాంబార్ ఇంకొంచెం వెయ్యమంటున్నారు.

"మీ తప్పేం లేదు మేడం. మెయిల్ల ఉన్నదే సదివిన్రు మీరు."

"చదివాను," అంది సుందరి. "చివరి వాక్యం మెయిల్లో లేదు, రమ్యా. అది నాది."

ఆ రోజునుంచి ఆవిడ మైకు ముందు కూర్చోలేదు. జగన్నాథరావు కంప్యూటర్ గొంతు పెట్టించాడు. ఆవిడ ఇంట్లో ఫ్యాను కింద నోటుపుస్తకం ముందేసుకుని కూర్చునేది. ఆ పద్దెనిమిది అన్న అంకె తన చేత్తోనే రాసుకుంది, తన కళ్లతోనే చూసింది. ఎందుకని ఆగలేదు, రమ్యనైనా ఎందుకు అడగలేదు, కేంద్రానికి ఒక ఫోనైనా ఎందుకు చెయ్యలేదు? సగం, సగం అని మూడేళ్లు చెప్పి చెప్పి, ఆ కొండని తానే కాపలా పెట్టినంత ధీమా వచ్చేసింది. ఏడుపొస్తే ఏడ్చింది. అన్నం సయించేది కాదు.

తొమ్మిదో రోజు పదకొండింటికి ఫోను మోగింది. తెర మీద ఏడుకొండలు పేరు. ఆవిడ ఫోను ఎత్తింది.

"నాను మంగనమ్మా," అంది అవతలి గొంతు. వెనక అదే హోరు, అవే మేకలు. "మీతో ఓ మాట సెప్పాలని కొండెక్కినాను."

"చెప్పు మంగా," అంది సుందరి. క్షమించమని అడిగేలోగా మంగే అందుకుంది.

"ఆ రాతిరికి పడవలు లాగేద్దారని ఊరోలు తాళ్లు అట్టుకొచ్చినారు. ఈయనే మైకులో సెప్పినాడు, మన రేవుకి సగమే, అక్కర్నేదని. మూడు పడవలు ముక్కలైపోనాయి. దాసయ్య మావకి కాలిరిగిపోనాది. ఇప్పుడు ఊరంతా ఈయన్నే తిడతన్నారమ్మా. సచ్చినోడు తను సచ్చి, మమ్మల్నీ ముంచీసినాడని. ఎల్లుండి పదకొండో రోజు. మా గుమ్మం ఒక్కలూ తొక్కరంట."

సుందరికి అప్పుడు అర్థమైంది. సగమన్నది హైదరాబాదులో కూర్చున్న ఒకావిడ లెక్క అని ఊళ్లో ఎవరికీ తెలీదు. వాళ్లు విన్నది ఎప్పుడూ ఏడుకొండలు గొంతే. తన తప్పు ఆయన గొంతులోంచి వెళ్లి, ఆయన పేరు మీద మిగిలిపోయింది.

"ఆ మాట ఆయంది కాదమ్మా," అంది మంగ. ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. "నాను సెపితే నమ్మరు, పెళ్లాన్ని గదా. మీ నోటితో మీరు సెప్పండి. మైకు దగ్గరెట్టి ఇనిపిస్తాను."

ఆ మధ్యాహ్నం సుందరి ఆఫీసు మెట్లెక్కింది. విషయం విని జగన్నాథరావు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు.

"సుందరి గారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ మన గొంతుతో మనమే తప్పు చేశామని పంపితే మిగతా పద్దెనిమిది ఊళ్లు మనల్ని నమ్ముతాయా? సంస్థ మూతపడుతుంది. ఆమెకి విడిగా ఫోన్లో చెప్పండి, ఓదార్చండి."

"ఆమెకి ఓదార్పు అక్కర్లేదండీ. మొగుడి పేరు కావాలి."

"ఇది రికార్డు చేస్తే మీరిక ఇక్కడికి రావడానికి వీలుండదు."

"సరేనండీ," అంది ఆవిడ. ఆ గది తప్ప తనకి వెళ్లడానికి ఇంకో చోటు లేదని ఆవిడకి బాగా తెలుసు. ఆయనకీ తెలుసు. మెల్లగా లేచి పక్కగదిలోకి వెళ్లిపోయాడు.

రమ్య కిటికీ మూసింది. చెయ్యి ఊపడానికి ముందు కళ్లు తుడుచుకుంది. సుందరి ఈసారి బళ్లో తెలుగు మాట్లాడలేదు.

"దొంకపాలెం వాళ్లందరికీ. నా పేరు బాలత్రిపురసుందరి. హైదరాబాదు నుంచి మాట్లాడుతున్నాను. మీ రేవుకి సగం అన్న మాట మూడేళ్లుగా నేను చెబుతున్నాను. ఆ రోజూ నేనే చెప్పాను. పడవలు లాగి కట్టుకోమని పైవాళ్లు రాశారు, అక్కర్లేదనిపించేలా చేసింది నా మాట. ఏడుకొండలు నన్ను నమ్మాడు, అంతే. తప్పు నాది. ఆయన్ని ఏమీ అనకండి. ఎల్లుండి ఆయన ఇంటికి వెళ్లండి."

ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు రమ్య చూసింది. సుందరి తల అడ్డంగా ఊపింది. రమ్య దాన్ని పంపేసి, ఆవిడతో పాటు అశోక్ నగర్ దాకా నడిచింది. ఇంటి గేటు దగ్గర, "మేడం, రేపు వస్త," అంది ఆ పిల్ల.

పన్నెండో రోజు పదకొండింటికి ఫోను మోగింది.

"అందరూ ఒచ్చినారమ్మా," అంది మంగ. "దాసయ్య మావ కర్ర అట్టుకుని ఒచ్చినాడు. బోయినాలు సేసినారు. ఈయన మంచోడేనన్నారు."

"మంచిది, మంగా."

తర్వాత మంగ నెమ్మదిగా అంది, "ఇంక మీ గొంతు ఇనలేనమ్మా. రోజూ ఆయన మీ మాట ఇనీసి దిగొస్తంటే గుమ్మంలో కూకునుండేదాన్ని. ఇక ఈ కొండ ఎక్కను. ఏటీ అనుకోకండి."

సుందరి ఏమీ అనుకోలేదు. అనుకునే హక్కు తనకి లేదని తెలుసు. కానీ ఐదేళ్ల అలవాటు ఊరుకోలేదు. ఆ గొంతు వెళ్లిపోయేలోగా అడిగేసింది.

"మంగా, ఇవాళ రేవు ఎలా ఉంది?"

మంగ అటు తిరిగి చూసినట్టుంది.

"నెమ్మదిగా ఉందమ్మా. కాళ్లు మాత్రమే తడుస్తాయి."

ఫోను ఆగిపోయింది. సుందరి నోటుపుస్తకం తెరిచి తేదీ వేసింది. ఎడమవైపు రాయడానికి అంకె లేదు. కుడివైపు, పిల్లలకి బోర్డు మీద రాసినంత గుండ్రంగా, మంగ చెప్పిన మాట రాసుకుంది.