బ్యాండు సాగుతుంటే బోర్డు చూసినవాళ్లకు

మీకు సంగీతం అక్కరలేదు. మొన్న చెట్టికరై దగ్గర జరిగిన బడిపిల్లల బ్యాండు పోటీ వీడియోను మన ఆన్‌లైన్ గుంపులో పెట్టినవాళ్లనే అంటున్నాను. పిల్లలు వరుసగా నడుస్తూ వాయిస్తున్నారు. పాట ఇంకా సగంలోనే ఉంది... మీరు కెమెరాను మార్కుల బోర్డు మీదకు తిప్పేశారు. కింద వ్యాఖ్యలన్నీ ఒకటే. "ఎన్నో స్థానం?" ఆ పిల్లలు ఏం వాయించారని ఒక్కరూ అడగలేదు.

నాకెందుకింత కోపమో చెబుతాను.

మా చిన్నప్పుడు... కారిమంగళం దగ్గర మా సర్కారు తమిళ బడికి ఒక బ్యాండు ఉండేది. రెండు వేణువులు, ఒక పెద్ద డ్రమ్ము, నాలుగు చిన్న డ్రమ్ములు. చిన్నవాటిలో మొదటిది మా పెదనాన్న కూతురు వసంతక్కది. నాకంటే ఏడాది పెద్ద. ఆ డ్రమ్ము నాకు కావాలి. పీటీ సారు ఇద్దరిచేతా వాయించి చూసి, డ్రమ్ము పుల్లలు అక్క చేతికిచ్చారు.

అక్క సాయంత్రాలు మా ఇంటి వాకిట్లో వాళ్ల సత్తు తపేలా బోర్లించి, రెండు చింతబరికెలతో సాధన చేసేది. "వసంతా, సొట్ట పడితే మీయమ్మ నన్ను తిడతాదే" అని మా అమ్మ అరిచేది. అరుస్తూనే, ఆ దెబ్బలకు తగ్గట్టే తిరగలి తిప్పేది. నా సొంత అమ్మ చెయ్యి కూడా అక్క తాళానికే తిరుగుతోందని నేను కుళ్లిపోయేదాన్ని.

ధర్మపురిలో జిల్లా పోటీ వచ్చింది. నా రాత గుండ్రంగా ఉంటుందని, చీటీ చూసి నల్లబోర్డు మీద మార్కులు రాసే పని నాకు అప్పగించారు. చీటీలో నాలుగు గళ్లు... దుస్తులు, వరుస, అడుగు, వాద్యం. ఒక్కొక్కదానికి పది. బోర్డు మీద మాత్రం మొత్తం ఒక్కటే రాయాలి.

మాకంటే ముందు ఒక పెద్ద ప్రైవేటు బడి వచ్చింది. తెల్ల బూట్లు, ఎర్ర కుచ్చు టోపీలు. తర్వాత, అందరికంటే చివరగా మావాళ్లు... వట్టి కాళ్లతో. రబ్బరు చెప్పులు బాగుండవని సారు గేటు దగ్గరే విప్పించారు.

అక్క ఎలా వాయించిందో నాకు తెలియదు. పది అడుగుల దూరంలో నిలబడి కూడా నేను వినలేదు. నా కళ్లు మార్కులేసే ఆయన పెన్సిలు మీదే ఉన్నాయి. తక్కువ రావాలి... తక్కువ రావాలి... లోపల అదొక్కటే.

చీటీ వచ్చింది. దుస్తులకు రెండు. వరుసకు ఆరు. బూట్లు లేవని అడుగుకు మూడు. వాద్యానికి తొమ్మిది. ఆ రోజు వాద్యంలో ఇంకెవరికీ అంత రాలేదు. చీటీలన్నీ నా చేతిలోనే ఉన్నాయి కదా, నాకు తెలుసు. బోర్డు మీద ఇరవై అని రాశాను. అందరికంటే ఆఖరు.

మెడలో డ్రమ్ముతోనే అక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏమే పాపా, చీటీ చూసినావు కదా. డ్రమ్ముకు ఎంత ఏసినారు?"

"నాకేం తెల్సు. మొత్తమే రాయమన్నారు. మనమే కడాసి."

"నేను బాగా కొట్టినానని అనుకొంటినే..."

"అనుకొంటే సరిపోతాదా?" అన్నాను. చీటీ మడిచి పావడా నడుములో దోపుకున్నాను.

ఆ రోజు అమ్మ కూలికి పోకుండా వచ్చి కంచె అవతల నిలబడింది. తిరుగు బస్సులో ముందు సీటు కమ్మీ మీద వేళ్లతో అదే తాళం కొడుతూనే ఉంది.

"బూట్లోళ్లవి ధనధనమని కాళ్లే ఇనపడె. మనోళ్లవి వట్టి కాళ్లు కదా... వసంత దెబ్బ ఒక్కొక్కటీ ఏరినట్ల ఇనపడె."

"మనం ఓడిపోయినాం మా."

"పోటీనా అది? నేను ఊరేగింపు అనుకొంటి."

వసంతక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మర్నాడు పుల్లలు తీసుకెళ్లి సారు బల్ల మీద పెట్టేసింది. మళ్లీ ముట్టుకోలేదు. ఆ డ్రమ్ము నాకే వచ్చింది. రెండేళ్లు వాయించాను... ఒక్కరోజూ నా చెవికి అది పాటలా తగల్లేదు.

అప్పుడు అక్క మీద అసూయ. ఇప్పుడు అమ్మ మీద. పోయిన మనిషి మీద అసూయేమిటని అడగకండి. అక్క ఆ రోజు వాయించిందంతా అమ్మకు దక్కింది. నాకు ఒక చీటీ దక్కింది.

పోటీ లేకపోతే పిల్లలు సాధన చేస్తారా అంటారు మీరు. నిజమే, ఆ పోటీ లేకపోతే మా బడికి డ్రమ్ములే వచ్చేవి కావు. ఆ తొమ్మిది నేను దాచకపోయి ఉంటే అక్క పుల్లలు వదిలేది కాదు, అదీ ఒప్పుకుంటాను. మార్కులు పాపమని నేననడం లేదు. కానీ చెప్పులు విప్పించి, కాళ్లు చూసి మార్కులు కోసి, దానికి సంగీతం పోటీ అని పేరు పెట్టడాన్ని ఏమంటారు? వినడానికి వచ్చిన జనాన్ని లెక్కలు చూసుకునేవాళ్లుగా మార్చడాన్ని ఏమంటారు?

ఇప్పుడు సర్కారు బడి పిల్లలకూ బూట్లొచ్చాయి. డ్రమ్ములు తళతళలాడుతున్నాయి... ఊరికే నిలబడి వినేవాళ్లే కరువయ్యారు.

అందుకే మిమ్మల్నీ, పోటీలు పెట్టేవాళ్లనూ అడుగుతున్నాను. బతిమాలడం లేదు.

బూట్లకు, టోపీలకు మార్కులు తీసేయండి.

ఏ గడికి ఎన్ని మార్కులో పిల్లలకు విడివిడిగా చూపించండి. మొత్తం ఒక్కటే చదివి ఇంటికి పంపకండి.

ఫలితాలు మర్నాడు చెప్పండి. ఆ పూట వినండి, అంతే.

మీ బడి బ్యాండులో మీరేం వాయించారో కింద రాయండి. బహుమతి వచ్చిందా లేదా నాకు వద్దు.

వసంతక్క కారిమంగళం సంతలో ఆకుకూరలు అమ్ముతుంది. మేం చదివింది తమిళ బడిలో కదా, తెలుగు రాత నేను తర్వాత నేర్చుకున్నాను; ఆమెకు తెలుగు చదవడం రాదు. మా వైపువాళ్లు ఎవరైనా ఇది ఆమెకు మొత్తం చదివి వినిపించండి. సభల్లో గంటలకొద్దీ మాట్లాడతాను గానీ, ఆమె ఎదుట నాకు నోరు పెగలదు.