తగ్గించి రాసిన అయిదేళ్లు

నేను బతికే ఉన్నానని ట్రెజరీ ఆఫీసులో వేలిముద్ర వేసి మెట్లు దిగుతున్నాను. ఏడాదికోసారి అలా వేస్తేనే నా పెన్షన్ ఆగకుండా వస్తుంది. అప్పుడే ఫోన్ మోగింది. మా పక్కింటి దర్జీ బావ పోయాడట. దారం రీళ్లు కొనడానికి మెయిన్ రోడ్డు దాటుతూ, ఎదురుగా వస్తున్న ఆటోని చూడలేదట. "సూసుకోలేదు పాపం" అంటున్నాడు అవతలి మనిషి. చూసుకోకపోవడం కాదు, బావకి కనబడదు. ఆ సంగతి అనకాపల్లిలో ఇద్దరికే తెలుసు. ఒకరు బావ భార్య, రెండోవాణ్ణి నేను.

ముప్పై ఏళ్లు పక్కపక్క ఇళ్లలో ఉన్నాం. నేను మునగపాకలో సర్కారీ గుమాస్తాని, బావ తన అద్దింటి ముందుగదిలో మిషను పెట్టుకున్న దర్జీ. ఇద్దరిదీ ఒకే ఈడు, చుట్టరికం లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్లం. పొద్దున్నే నేను బస్సుకి బయల్దేరితే, మసీదు నుంచి వస్తూ ఎదురయ్యేవాడు. "ఏటి బావా, ఈరోజైనా పని సేత్తారా ఆఫీసులో?" అని ఒకటి తగిలించి పోయేవాడు. నా ప్యాంట్లన్నీ బావ కుట్టినవే. నడుం దగ్గర లోపల రెండంగుళాల గుడ్డ ఎక్కువ వదిలేవాడు. "కూకుని తినే ఉద్యోగం నీది. రేపు విప్పుకోవద్దా?" అనేవాడు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. ఆధార్ కార్డులు కొత్తగా తీస్తున్న రోజుల్లో బావకి కరెంటు మిషన్ల కోసం లోను కావాల్సి వచ్చింది. నలభై అయిదు దాటితే ఇవ్వరన్నారు. బావకి అప్పటికే నలభై తొమ్మిది. బడి మొహం చూడనివాడు కాబట్టి పుట్టిన తేదీకి కాగితం ఏదీ లేదు. కార్డు తీసేచోట అయిదేళ్లు తగ్గించి చెప్పమన్నది నేనే. మహా తెలివైన పని చేశానని నా జబ్బ నేనే చరుచుకున్నాను. లోను వచ్చింది, మిషన్లు వచ్చాయి, బావ మా ఇంటికి సేమియా గిన్నె పట్టుకొచ్చాడు.

ఆ అయిదేళ్లే తర్వాత మెడకి చుట్టుకున్నాయి. మాకు రిటైర్మెంట్ అరవై నుంచి అరవై రెండుకి పెంచిన ఏడాదే, బావ వృద్ధాప్య పింఛనుకి సచివాలయానికి వెళ్లాడు. కార్డు ప్రకారం నీకు యాభై అయిదే, ఇంకో అయిదేళ్లు ఆగి రమ్మన్నారు. బావ తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"నీకు రెండేళ్లు కలిపేరు, నన్ను అయిదేళ్లు ఆగమన్నారు. లోనుకి కుర్రోణ్ణయిపోయేను గానీ, పింఛనుకి ముసలోణ్ణి కాలేకపోయేను బావా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వయసు దిద్దించడానికి నాకు తెలిసిన ఆఫీసులన్నీ తిరిగాను. రుజువు తెమ్మన్నారు. ఎక్కణ్ణుంచి తెస్తాం?

అప్పటికే బావకి రెండు కళ్లలోనూ శుక్లాలు. టేపు మీద అంకెలు ఆనక, అంగుళానికో దారం ముడి వేసుకుని వేళ్లతో కొలిచేవాడు. మనుషులకి అది చాదస్తంలా కనిపించేది. ఆపరేషన్ ఉచితంగానే చేస్తారు, కానీ నెలరోజులు మిషను ముట్టుకోకూడదు. ఒక ప్రైవేటు బడి యూనిఫాంల మీదే బావకి ఏడాది ఇంటద్దె వెళ్లాలి. దర్జీకి చూపు లేదని తెలిస్తే ఆ ఆర్డరు మళ్లీ రాదు. "ఈ జూను అయిపోనీ బావా" అనేవాడు. ప్రతి ఏడాదీ ఒక జూను ఉండేది.

కిందటి జూన్లో, ఆ బడి మేనేజరు వచ్చి సరుకు చూసుకునే రోజు, నేను ఒక లాగు తీసుకుని గుమ్మంలోకి వెళ్లి వెలుతురులో చూశాను. ముదురు నీలం గుడ్డ మీద కుట్టంతా నల్లదారం. కట్టలు విప్పి చూస్తే సగం లాగులు అంతే.

"బావా, దారం మారిపోయింది."

బావ చెయ్యి మిషను చక్రం మీదే ఆగిపోయింది. "రంగు మీద సెయ్యేత్తే తెలవదు కదా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సెప్పీకు బావా. ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత నాకూ పింఛనొత్తాది" అన్నాడు.

విప్పి కుట్టడానికి వేళ లేదు. మేనేజరు బండి వీధిలో ఆగనే ఆగింది. వచ్చి ఒక లాగు తీశాడు, మోకాళ్ల దగ్గర గుంజి చూశాడు, పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. నేను లేచి అడ్డంగా నిలబడ్డాను. బయట ఎండ మండిపోతోంది సార్, లోపలే కూర్చోండి, టీ చెప్పాను అన్నాను. తెరలోంచి చెల్లెమ్మ, అంటే బావ భార్య, గ్లాసు అందించింది. అతను టీ తాగినంతసేపూ బావ తల ఎత్తలేదు. చివరికి "బాగున్నాయి" అని కట్టలు ఆటోకి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ రోజు గెలిచామనుకున్నాను. ఆర్డరు పోతే పోయిందని, ఆ మేనేజరుకి నిజం చెప్పేసి బావని కళ్లాసుపత్రికి లాక్కుపోయి ఉంటే, మొన్న ఆ ఆటో కనబడేది. ఆ మాట రోజూ నన్ను తినేస్తోంది. నన్ను నమ్మి వయసు తగ్గించుకున్న మనిషి, నన్ను నమ్మే చూపు లేదన్న సంగతి దాచుకున్నాడు.

నిన్న మరణ ధ్రువపత్రం కోసం దరఖాస్తు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. చెల్లెమ్మ ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పరాయి మగాళ్ల ఎదుటికి రాకూడదు. తెర అవతల కూర్చుని, కింద నుంచి బావ ఆధార్ కార్డు నా వైపు జరిపింది. వయసు అన్న గడి దగ్గర నా కలం ఆగింది. అరవై మూడు అని రాస్తే కార్డుతో కలవదు, ఆమెకి రావాల్సిన వితంతు పింఛను ఆగిపోతుంది.

"ఎంత రాత్తన్నారు అన్నయ్యా?"

"యాభై ఎనిమిది."

"ఇప్పుడు తక్కువైనా పర్లేదా?" అంది.

నేను తలెత్తి తెర వైపు చూశాను. యూనిఫాంలకి పోను మిగిలిన నీలం గుడ్డతో బావ కుట్టిన తెర అది. కిటికీలోంచి ఎండ పడుతోంది. అంచు పొడుగునా, ఎక్కడా వంకర పోకుండా, నల్లదారం కుట్టు.