గేరు రాడ్డుకు పొట్టేలు కొమ్ము

నా చిన్నప్పుడు పులివెందులలో ఉన్న కార్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలేవి. వాటిలో శెనక్కాయల మిల్లు షావుకారు నల్ల కారును మా నాయన నడిపేవాడు. అందుకని ఆ కారు సగం నాదేనని బడిలో చెప్పుకునేదాన్ని. ఒక పగలు నాయన అన్నానికి పోయినప్పుడు, నా సగం నేను తోలుకుందామని ఎక్కి కూర్చున్నాను. గేరు రాడ్డు మీది నల్ల గుండు తిప్పితే తిరిగింది. ఇంకా తిప్పితే ఊడి వచ్చింది. చేతిలో నుంచి జారి, తెరిచిన తలుపులోంచి వాకిట్లో నాపబండ మీద పడి మూడు ముక్కలైంది.

షావుకారు మండిపడ్డాడు. కొత్త గుండు మద్రాసు నుంచి రావాలన్నాడు. అంతకుముందే ప్రొద్దుటూరు నుంచి నాయన బదులు కొత్త డ్రైవరు వస్తాడన్నాడు. పగలగొట్టింది నేనేనని ముందుకొచ్చి చెప్పాను.

"ఏందప్పా, ఆడపిల్లను అడ్డం పెట్టుకుంటాండావా?" అని ఆయన నాయనను చూసి నవ్వాడు.

నాయన గుండు బిగించే మరలు మాత్రమే మిగిలిన ఇనుప మొనను అరచేత్తో నొక్కుతూ కారును షెడ్డులో పెట్టి వచ్చాడు. చెయ్యంతా గీసుకుపోయింది.

లింగాల దగ్గర గొర్రెలు మేపే మా తాత, అంటే అమ్మ వాళ్ల నాయన, మరునాడు ఆ చెయ్యి చూశాడు. నా కథంతా విన్నాడు. తిట్టలేదు. ఇంటికి పోయి, చచ్చిపోయిన తన పొట్టేలు కొమ్ము తెచ్చాడు. బతికుండగా అది జమ్మలమడుగు బస్సుకు ఎదురు నిలబడితే బస్సే వెనక్కి పోయింది. నేను చెప్పేటప్పుడు అరమైలు పోతుంది. ఆ అరమైలు మాత్రం నాది.

మా వాళ్లలో కొడవలి పిడిని పట్టే మనిషి చేతికే చెక్కుతారు. ఒకరి కొడవలి ఇంకొకరు అడగరు. తాత నాతో రాగి సంకటి ముద్ద తెప్పించి, నాయనను గేరు వేసే ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకోమన్నాడు. చిన్నప్పుడెప్పుడో కాడి కింద నలిగి నాయన బొటనవేలు వంకర తిరిగింది. ఆ వంకరతో సహా ముద్ద మీద అచ్చు పడింది. దాన్ని ముందు పెట్టుకుని తాత రెండు రోజులు కొమ్ము మొనను చెక్కి, గాజుపెంకుతో గీకి నున్నగా చేసి, అడుగున బొక్క తొలిచాడు.

మద్రాసు గుండు వచ్చేదాకా ఏదో ఒకటి పెట్టుకోమని షావుకారే అన్నాడు. కొడవలికి చేసినట్టే తాత లక్క కరిగించి పోసి బిగించాడు. మధ్యాహ్నం ఎండకు కారు కాగింది, లక్క కరిగింది, కొమ్ము పక్కకు వాలింది.

"గొర్రెలు కాసేటోనికి కారు పనేందిరా!" షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీ కారు నాకు తెల్దు సామీ. మా అల్లుని చెయ్యి తెలుసు" అన్నాడు తాత.

కొమ్మును ఉడుకునీళ్లలో చాలాసేపు కాచి, మెత్తబడ్డాక గుడ్డతో పట్టి ఇనుము మీదికి మెలితిప్పి ఎక్కించాడు. చల్లారేసరికి అది మరలను కరచుకుంది.

మరునాడే కొత్త డ్రైవరు దిగాడు. ఆ పూటే జమ్మలమడుగులో షావుకారు కూతురి నిశ్చితార్థం. నాయన వేలికి గుంట ఉన్నచోట కొత్తాయనకు గట్టు తగిలింది. మిల్లు గేటు దాటకముందే ఇంజను రెండుసార్లు ఆగింది. "ఇది కరుస్తాంది సామీ" అని దిగిపోయాడు. షావుకారు తానే ఎక్కి చూశాడు. ఆయన చెయ్యీ పొసగలేదు. ఊడబెరకమన్నాడు.

"పెరకాలంటే రాడ్డు కొయ్యాల" అన్నాడు తాత, పొట్టేలులాగే కారు ముందు నిలబడి.

మళ్లీ ఉడుకునీళ్లు పోస్తే వస్తుందని తాతకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నోరు మెదపలేదు.

షావుకారు తోలమంటే నాయన కారు తలుపు మీద చెయ్యేసి, ఎక్కకుండా అడిగాడు. "రేపు గూడా నేనే రావాల్నా సామీ?"

"రాకుండా యాడికి పోతావు? ఎక్కప్పా, పొద్దు పోతాంది!"

మద్రాసు గుండు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఏళ్ల తర్వాత ఆ కారును పాత ఇనుముకు అమ్మేసినప్పుడు నాయన ఒక చెంబెడు ఉడుకునీళ్లు తీసుకుపోయి కొమ్మును విప్పుకొచ్చాడు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. నా చేతికీ పొసగదు. కొంచెం అరగదీయిస్తే సరిపోతుందన్న వాళ్లకు నేను చెప్పేది ఒకటే, అది నా చేతి కోసం చేసింది కాదని. బతుకులో సర్దుకుపొమ్మని ఎవరు చెప్పినా, ఆ గుంటలో వేలు పెట్టి చూసుకుంటాను. వంకరగా ఉంది నాయన వేలు. తాత చెక్కింది మాత్రం వేలిని కాదు, కొమ్మును.